పాత తలుపులు, వెండి చెంచాలు, పగిలిన పళ్లేలు: దేనితో ఏం చేయొచ్చు, దేన్ని ముట్టుకోకూడదు?

కొత్తచేయి
పాత సామాను ఒక లాట్‌గా చేతికొచ్చింది. రంగు వేసిన అల్మారా తలుపులు నాలుగు, వెండిలా మెరిసే చెంచాలు ఓ ముప్పై, అంచులు విరిగిన పూల పింగాణీ పళ్లేలు, లేసు గుడ్డలు, ఒక డబ్బా నిండా బటన్లు, ఆగిపోయిన చేతిగడియారాలు. తలుపులతో ఫొటో ఫ్రేములు, చెంచాలతో ఉంగరాలు, పింగాణీతో లాకెట్లు చేసి ఆన్‌లైన్‌లో అమ్మాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ముఖ్యంగా ఏవి పక్కన పెట్టేయాలో చెప్పండి.

చెక్కముక్క
ముందు తలుపుల సంగతి. పాత రంగు అంటే అందులో సీసం ఉందనే అనుకుని పని మొదలుపెట్టాలి, లేదని తేలేదాకా. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. చాలా దేశాల్లో ఆ కట్టడి ఇంకా ఆలస్యంగా వచ్చింది. కాబట్టి తలుపు వయసు చూసి ధైర్యం తెచ్చుకోకండి.

పరీక్ష కిట్లు రెండు రకాలు. రోడిజోనేట్ రకం సీసం తగిలితే గులాబీ లేదా ఎరుపు రంగుకు మారుతుంది. సోడియం సల్ఫైడ్ రకం బూడిద రంగు, నలుపు చూపిస్తుంది. అయితే అడుగున ముదురు రంగులుంటే ఈ రెండోదాన్ని నమ్మలేం. చాలామంది పైపొర మీద రుద్ది "లేదు" అనేసుకుంటారు. సీసం ఉండేది అడుగు పొరల్లో. పదునైన బ్లేడుతో ఏటవాలుగా చిన్న గాటు పెట్టి, చెక్క కనపడేదాకా అన్ని పొరలూ తేలాక అక్కడ పరీక్షించాలి. మూడు నాలుగు చోట్ల చేయండి. బందుల దగ్గర, అంచుల దగ్గర వేరే రంగు ఉండొచ్చు.

సీసం ఉందని తేలితే పొడిగా ఎమరీ పట్టడం, గ్రైండర్ పెట్టడం పూర్తిగా మానేయాలి. జెల్ రకం పెయింట్ రిమూవర్ రాసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, తడిగా ఉండగానే గీకండి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రిమూవర్ వద్దు. మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది. గీకిన చెత్తను సంచిలో మూట కట్టి, మీ ఊరి మున్సిపాలిటీ ప్రమాదకర వ్యర్థాలు ఎక్కడ తీసుకుంటుందో అక్కడ ఇవ్వండి. మాస్కు పీ100 రకమే (సన్నని ధూళిని ఆపే ఫిల్టరున్నది), గుడ్డ మాస్కు కాదు. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు.

రంగులపిచ్చి
ఇంత తతంగం ఎందుకండీ? హీట్ గన్ పెడితే రంగు బుడగలొచ్చి ఊడిపోతుంది, అరగంటలో తలుపు తేలిపోతుంది.

చెక్కముక్క
@రంగులపిచ్చి గారూ, బుడగలతో పాటు వచ్చే పొగే అసలు సమస్య. సీసం రంగు బాగా వేడెక్కితే ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే అమెరికా నిబంధనల్లో సీసం రంగు మీద 593 డిగ్రీల సెల్సియస్ దాటే హీట్ గన్ వాడొద్దని ఉంది. మామూలు హీట్ గన్ ఎక్కువ మీద పెడితే దాని దగ్గరికి పోతుంది. సీసం లేదని తేలిన తలుపుకు వాడుకోండి, అభ్యంతరం లేదు.

ఇంకో మాట. "ఆ పెచ్చులూడిన రంగే అందం" అని చాలామంది రంగును అలాగే ఉంచి ఫ్రేములు చేస్తారు. సీసం ఉన్న రంగు రాలుతూ ఉంటే పైన రెండు కోట్లు క్లియర్ వార్నిష్ వేసినంత మాత్రాన అది పిల్లల గదికి పనికిరాదు. నా అభిప్రాయం: అలాంటి తలుపు ముందు వైపును వదిలేయండి, వెనక వైపు రంగు లేని చెక్క ఉంటే దాన్నే వాడండి.

రంగు పోయాక కింద ఏ పాలిష్ ఉందో తెలుసుకోవడం తేలిక. కనపడని మూల దూదితో స్పిరిట్ అద్దండి. జిగటగా కరిగితే లక్క పాలిష్. కరగకపోతే లాకర్ థిన్నర్ అద్దండి. దానికి కరిగితే లాకర్. రెండింటికీ చలించకపోతే వార్నిష్ లేదా ఈమధ్య వేసిన పాలీయురేథేన్. లక్క పాలిష్ అయితే గీకే పనే లేదు, స్పిరిట్‌తో మళ్లీ కరిగించి సర్దేయొచ్చు.

కొత్తచేయి
చెక్క మీద సన్నని రంధ్రాలున్నాయి. తట్టితే కొద్దిగా పొడి రాలుతోంది.

చెక్కముక్క
పొడి రంగు చూడండి. లేత రంగులో పిండిలా కొత్తగా రాలుతుంటే లోపల పురుగు బతికుంది. రంధ్రాల అంచులు నల్లబడి, పొడి రాలకపోతే పాత మచ్చ. అనుమానం తీరాలంటే తలుపును నల్ల కాగితం మీద రెండు వారాలు కదపకుండా ఉంచండి, పొడి పడితే తెలిసిపోతుంది.

చంపడానికి రెండు దారులు. ముక్క చిన్నదైతే గాలి తీసిన ప్లాస్టిక్ సంచిలో చుట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా గది వేడికి రానివ్వాలి, లేకపోతే చెక్క మీద నీరు పట్టి ఉబ్బుతుంది. పెద్ద ముక్కకు వేడి: చెక్క లోపలి భాగం 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు నిలవాలి. విదేశాలకు వెళ్లే చెక్క పెట్టెలకు వాడే ఐఎస్‌పీఎం 15 ప్రమాణంలో ఉన్న లెక్క ఇదే. పై చెక్క 56కి రావడం వేరు, లోపల రావడం వేరు. మందమైన చెక్కకు గంటలు పడుతుంది.

మేకుల మాట కూడా. చేతి మెటల్ డిటెక్టర్‌తో రెండు వైపులా వెతకండి, తల విరిగిన మేకులు పైకి కనపడవు. ఒక్క మేకు చాలు రంపం బ్లేడు పళ్లు రాలడానికి. తేమ మీటరుతో 8 నుంచి 12 శాతం మధ్య ఉన్నాకే కోయండి. తడి చెక్కతో చేసిన ఫ్రేము కొన్నవాళ్ల గోడ మీద ఆరి, 45 డిగ్రీల మూలలు నోరు తెరుస్తాయి. ఆకుపచ్చ ఛాయ ఉన్న బయటి చెక్క ఉంటే పక్కన పెట్టండి, అందులో ఆర్సెనిక్ మందు ఉండొచ్చు. రైలు పట్టాల కింద చెక్క అసలే వద్దు, దానికి పట్టించే క్రియోసోట్ అనే తారు నూనె వాసన ఏళ్ల తరబడి పోదు, చర్మానికీ మంచిది కాదు.

ఇత్తడిగంట
చెంచాలకు వస్తాను. ముప్పై చెంచాలనూ ముందు మూడు కుప్పలు చేయండి, భూతద్దం పెట్టి వెనక ముద్ర చదివి. "స్టెర్లింగ్" లేదా 925 అంటే నూటికి 92.5 పాళ్లు వెండి. "ఈపీఎన్ఎస్" అంటే నికెల్ సిల్వర్ మీద వెండి పూత. ఆ నికెల్ సిల్వర్‌లో వెండి ఒక్క చుక్క లేదు: రాగి, నికెల్, జింకు. 18/8, 18/10 అని ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు, ఉంగరానికి వంచడం కష్టం, వదిలేయండి. కీచైన్‌గానో, గోడకు కొక్కెంగానో పనికొస్తుంది.

ఉంగరం పొడవు లెక్క: (లోపలి వ్యాసం + లోహం మందం) × 3.14. లోపలి వ్యాసం 18 మి.మీ., మందం 2 మి.మీ. అయితే 20 × 3.14 = 62.8 మి.మీ. మందం కలపకుండా కోస్తే ఉంగరం బిగుసుకుంటుంది, ఎక్కువగా చెడేది ఇక్కడే. కాడ వెడల్పు 8 మి.మీ. దాటితే ఇంకో అర సైజు పెద్దదిగా చేయండి, వెడల్పు ఉంగరం వేలికి బిగుతుగా తగులుతుంది. చివరలు ఒకదాని మీద ఒకటి ఎక్కించే నమూనా అయితే సుమారు 10 మి.మీ. కలపండి.

కోయడానికి నగల రంపం, 2/0 బ్లేడు, బ్లేడుకు మైనం రాసి. కోసిన అంచును ఆకురాయితో గుండ్రం చేసి, 400 నుంచి 1000 దాకా ఎమరీ పట్టండి. వంచడం ఉక్కు మాండ్రిల్ (ఉంగరం గుండ్రంగా వంచే కడ్డీ) మీద తోలు లేదా నైలాన్ సుత్తితో. ఇనుప సుత్తి తగిలితే పూల నగిషీ చదునైపోతుంది, ఆ నగిషీ కోసమే కదా కొనేది.

స్టెర్లింగ్ అయితే వంచే ముందు కాల్చి మెత్తబరచాలి. చీకటి మూలలో పెట్టి వెడల్పు మంటతో వేడి చేస్తే 650 డిగ్రీల దగ్గర మసక గులాబీ రంగు వస్తుంది, అక్కడ ఆపేయాలి. వెలుతురులో చేస్తే ఆ రంగు కనపడక కరిగించేస్తారు. పూత చెంచాను కాల్చకూడదు, పూత నల్లబడి బొబ్బలొస్తుంది. చల్లగానే, ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా వంచాలి.

చాకు పిడులు మాత్రం జాగ్రత్త. వెండి చాకుల పిడి లోపల బోలుగా ఉంటుంది, తారు లాంటి పదార్థమో సిమెంటో నింపి ఉంటుంది. మంట తగిలితే లోపలి గాలి, ఆవిరి వ్యాకోచించి పిడి పగులుతుంది, కాలిన తారు మొహం మీదికి చిమ్ముతుంది.

లెక్కలమనిషి
పూత చెంచాతో చేసిన ఉంగరం "వెండి ఉంగరం" అని అమ్మితే అబద్ధమే అవుతుంది. "వెండి పూత, లోపల నికెల్ సిల్వర్" అని పేరులోనే రాయండి. పూత అరిగితే నికెల్ నేరుగా చర్మానికి తగులుతుంది, అలర్జీ ఉన్నవాళ్లకు దద్దుర్లు ఖాయం. ఐరోపా కూటమిలో చర్మానికి తగిలే వస్తువు వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ నికెల్ వదలకూడదు. చెవి కుట్టిన చోట పెట్టే కాడలకు 0.2. అక్కడికి పంపాలనుకుంటే చెవి కాడలు కొత్త స్టెర్లింగ్‌వి పెట్టండి, పాత చెంచా ముక్క కింద వేలాడేది మాత్రమే కావాలి.

పెంకుముక్క
పింగాణీకి చక్రాల నిప్పర్ (రెండు చిన్న చక్రాలతో కొరికే పటకారు) కొనండి, మామూలు టైల్ పటకారు వద్దు. కోయదలచిన గీతకు 2, 3 మి.మీ. బయటే కొరికి, మిగతాది వజ్రపు గ్రైండర్ మీద నీళ్లు పారుతూ ఉండగా అరగదీయాలి. పొడిగా అరగదీస్తే వచ్చేది సిలికా ధూళి. అది ఊపిరితిత్తుల్లో పేరుకుంటే మళ్లీ బయటికి రాదు. నీళ్లు పెట్టినా మాస్కు ఉండాలి, తుడుపు తడి గుడ్డతోనే.

టంకం పింగాణీకి నేరుగా అంటదు కాబట్టి ముక్క అంచుకు రాగి టేపు. పళ్లెం మందం 3, 4 మి.మీ. ఉంటుంది కాబట్టి 5.6 మి.మీ. టేపు సరిపోతుంది. ముందూ వెనకా సమానంగా మడవాలి, ప్లాస్టిక్ కడ్డీతో గట్టిగా రుద్ది అంటించాలి. టేపు ఊడడానికి ఒకే కారణం: అరగదీసిన బురద సరిగా కడగకపోవడం. సబ్బు, ఆ తర్వాత స్పిరిట్, పూర్తిగా ఆరాక టేపు.

టంకం సీసం లేనిదే వాడండి. 96.5 పాళ్లు తగరం, 3.5 పాళ్లు వెండి ఉన్నది 221 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మామూలు 60/40లో నలభై పాళ్లు సీసం. మెడలో వేసుకునే వస్తువుకు, పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు అది పనికిరాదు. సీసం లేని టంకం అంత నున్నగా పారదు, టంకం పెట్టే ఐరన్ వేడి పెంచి, నెమ్మదిగా లాగాలి. ఒకే చోట ఐరన్ ఆపితే పింగాణీ చిట్లుతుంది, గ్లేజులో (పింగాణీ పైనుండే గాజు పూతలో) ఇదివరకే సన్నని పగుళ్లున్న ముక్క అయితే మరీను. అయ్యాక వంట సోడా నీళ్లతో ఫ్లక్స్ (టంకం అంటుకోవడానికి ముందు రాసే మందు) కడగండి. అది మిగిలిపోతే వారం తిరక్కుండా అంచులు పచ్చగా చిలుము పడతాయి.

ఎర్ర నారింజ రంగు పాత గ్లేజు పళ్లెం కనపడితే కోయొద్దు. అమెరికాలో తయారైన ఫియస్టా ఎరుపు పళ్లేల గ్లేజులో 1936 నుంచి 1943 దాకా, మళ్లీ 1959 నుంచి 1972 దాకా యురేనియం ఆక్సైడ్ వాడారు. అల్మారాలో ఉంటే పెద్ద సంగతి కాదు, అరగదీసి ధూళి చేస్తేనే ప్రమాదం.

ఇత్తడిగంట
అదే మాట గడియారాలకూ. చీకట్లో వెలిగే అంకెలున్న పాత డయల్ అయితే రేడియం అని అనుమానించాలి. 1910ల నుంచి 1960ల దాకా వాడారు. ఇప్పుడు వెలగట్లేదంటే ప్రమాదం పోయిందని కాదు. వెలిగే జింక్ సల్ఫైడ్ అరిగిపోయింది, అంతే. రేడియం-226 సగానికి తగ్గడానికి సుమారు 1600 ఏళ్లు. అద్దం విప్పొద్దు, ముళ్లు గీకొద్దు, రెసిన్‌లో (నగలు పోతపోసే, గట్టిపడే పారదర్శక ద్రవంలో) పెట్టొద్దు, అమ్మొద్దు. వెలిగే రంగు లేని గడియారాల చక్రాలే తీసుకోండి. విప్పే ముందు స్ప్రింగ్ బిగువు వదలాలి, లేకపోతే ముక్కలు కంటికి తగులుతాయి. చక్రాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి పూర్తిగా ఆర్చాలి. నూనె మిగిలితే రెసిన్ ఆ చక్రాన్ని పట్టుకోదు, చుట్టూ వెండిలా మెరిసే గాలి పొర కనపడుతుంది.

దారపుండ
లేసు గుడ్డల గురించి ఎవరూ అడగలేదు కానీ చెడేవి అవే ఎక్కువ. ముందు బలం చూడండి: రెండు బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగితే చిరిగిందా, చివికిపోయినట్టు. ఉతికాక తెలుసుకుంటే ఏం లాభం. తర్వాత ఒక పోగు కాల్చండి. కాగితం వాసన, మెత్తని బూడిద అంటే నూలు లేదా లినెన్. వెంట్రుక కాలిన వాసన అంటే పట్టు, ఉన్ని. కరిగి గట్టి పూస కడితే సింథటిక్.

పసుపుబారిన నూలుకు సోడియం పెర్కార్బొనేట్, లీటరు గోరువెచ్చని నీళ్లకు 15 గ్రాములు, ఆరేడు గంటలు నాననివ్వండి. నీళ్లు టీ రంగుకు వస్తే పారబోసి మళ్లీ కొత్తవి. పట్టుకు, ఉన్నికి ఇది పనికిరాదు. క్లోరిన్ బ్లీచ్ దేనికీ వద్దు, తుప్పు మరక మీద పోస్తే మరక ఇంకా గట్టిపడుతుంది. నల్లటి, ముదురు గోధుమ రంగు పాత అద్దకాల్లో ఇనుము వాడేవారు. అందుకే అచ్చు గుడ్డలో ఆ రంగు పువ్వులు మాత్రమే చిల్లులు పడి ఉంటాయి. ఆ గుడ్డను సంచులకు వాడొద్దు.

పట్టు మడతల దగ్గర నిలువునా చీలికలు కనపడితే బరువు పెంచిన పట్టు. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో తగరం లవణాలు పట్టించి బరువు పెంచేవారు. దాన్ని కుట్టే ప్రయత్నం చేయకండి, సూది పడిన ప్రతిచోటా కొత్త చీలిక. వెనక నూలు గుడ్డ ఆనించి అద్దం ఫ్రేములో పెట్టడమే.

బటన్లడబ్బా
బటన్లను ఒకేసారి సబ్బు నీళ్లలో నానబెట్టే పొరపాటు చేయకండి. పాలలోని కేసీన్‌తో చేసిన బటన్లు నీళ్లు పీల్చి ఉబ్బి బీటలిస్తాయి. తడి గుడ్డతో తుడవండి, చాలు.

గుర్తుపట్టడానికి: వేడి నీళ్లలో రెండు క్షణాలు ముంచి వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్ అనే పాత ప్లాస్టిక్. ఫార్మల్డిహైడ్ ఘాటు వస్తే బేక్‌లైట్ అనే ఇంకో పాత ప్లాస్టిక్ కావొచ్చు. బేక్‌లైట్ అయితే, సిమిక్రోమ్ అనే లోహపు పాలిష్‌తో వెనక రుద్దితే గుడ్డ పసుపుగా మారాలి. నలుపు రంగు బేక్‌లైట్‌కు ఈ పరీక్ష తరచూ తప్పు చెబుతుంది. సెల్యులాయిడ్ మంటకు భగ్గున అంటుకుంటుంది, టంకం దగ్గర ఉంచకండి. పైగా పాడవడం మొదలైతే వదిలే ఆవిరి పక్కనున్న లోహపు బటన్లను తుప్పు పట్టిస్తుంది, అందుకే విడి కాగితపు పొట్లంలో, గాలి తగిలేలా ఉంచాలి. బేక్‌లైట్‌ను డ్రిల్ చేస్తే ధూళి పీల్చొద్దు.

కొత్తచేయి
డబ్బా అడుగున పియానో మీటల తెల్ల పలకలు కొన్ని ఉన్నాయి. వాటితో చెవి పోగులు బాగుంటాయి కదా?

బటన్లడబ్బా
పలక ఒకే ముక్కా, లేక ముందు వెడల్పు భాగానికీ వెనక సన్నని భాగానికీ మధ్య సన్నని అతుకు గీత ఉందా చూడండి. గీత ఉంటే చాలావరకు ఏనుగు దంతం. ఒకే ముక్క అయితే చాలావరకు ప్లాస్టిక్. దంతం అయితే పక్కన పెట్టేయండి. అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం కింద ఏనుగు దంతపు అంతర్జాతీయ వ్యాపారాన్ని 1989లో నిషేధించారు. చేతితో చేసినవీ పాతవీ అమ్మే ఎట్సీ లాంటి సైట్లు పాతదైనా దంతాన్ని అనుమతించవు. "పాతదే కదా" అన్నా కస్టమ్స్ ఒప్పుకోదు. తాబేలు చిప్ప దువ్వెనలకూ ఇదే వర్తిస్తుంది.

లెక్కలమనిషి
అమ్మకానికి వద్దాం. ధర దగ్గర మూడు చోట్ల తప్పు పోతుంది.

ఒకటి, సరుకు ఖర్చును కొన్నదాని మీద పంచుతారు, చేతికొచ్చినదాని మీద పంచాలి. పది అడుగుల పలక కొంటే మేకులు, పగుళ్లు, పురుగు పోగా ఆరడుగులు మిగిలాయనుకోండి, ఆ మొత్తం ఖర్చూ ఆరడుగుల మీదే పడాలి. రెండు, శుభ్రం చేసే వేళ లెక్కలోకి రాదు. ఫ్రేము కట్టడం గంట, మేకులు పీకి రంగు గీకడం మూడు గంటలు. ఆ మూడూ కూలీయే. మూడు, సైటు కమిషన్. ఖర్చు, లాభం కలిపి 100 వచ్చింది, కమిషన్ 15 శాతం అనుకుందాం. 115 పెడితే వాళ్లు 17.25 తీసుకుంటారు, మీకు 97.75 మిగులుతుంది. 100ని 0.85తో భాగించాలి, 117.65.

ఒకే ఒక్కటి ఉన్న వస్తువులకు పైకి కనపడని ఇంకో ఖర్చుంది. ప్రతిదానికీ కొత్త ఫొటోలు, కొత్త వివరణ. చవక వస్తువుకు ఆ అరగంట గిట్టదు. అందుకే పింగాణీ లాకెట్లను మూడు ఆకారాలకే పరిమితం చేయండి, అచ్చు పెట్టి కోయండి. ఒక పళ్లెం నుంచి వచ్చిన ముక్కలన్నీ ఒకే పేజీలో నంబర్లు వేసి పెట్టి, ఏ నంబరు కావాలో కొనేవాళ్లే ఎంచుకునేలా చేయండి.

రంగులపిచ్చి
"వింటేజ్" అని రాయొచ్చా?

లెక్కలమనిషి
వస్తువు కాదు, సరుకు వింటేజ్. ఎట్సీలో కనీసం 20 ఏళ్లు నిండినదాన్నే వింటేజ్ అనాలి. పాత చెంచాతో నిన్న చేసిన ఉంగరం నిన్నటిది. "పాత చెంచాతో చేసిన ఉంగరం" అనండి. తేదీ నిర్ధారణగా తెలియకపోతే దశాబ్దం కూడా రాయకండి. ముద్ర ఉంటే దాని ఫొటో పెట్టండి, తెలిసినవాళ్లు వాళ్లే చదువుకుంటారు.

బటన్ల డబ్బాలో ఫ్యాషన్ సంస్థల గుర్తున్నవి ఉంటే వాటితో లాకెట్లు చేసేముందు ఆగండి. బటన్ అసలైనదే కావొచ్చు, నగ మాత్రం ఆ సంస్థది కాదు. షనెల్ సంస్థ తన గుర్తున్న బటన్లతో నగలు చేసి అమ్మిన ఒక అమెరికా సంస్థ మీద 2021లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. పాత పుస్తకం పేజీని కత్తిరించి ఫ్రేములో పెట్టడం వేరు, దాన్ని స్కాన్ చేసి వంద ప్రింట్లు తీయడం వేరు. రెండోదానికి కాపీరైట్ గడువు చూసుకోవాలి.

పెంకుముక్క
ఫొటోలో లోపం దాచొద్దు. గ్లేజు పగుళ్లు, వెనక మరక, చెక్కలో మేకు నలుపు, అన్నింటికీ ఒక్కో దగ్గరి ఫొటో. "పాత వస్తువు కాబట్టి లోపాలుంటాయి" అనే ఒక్క వాక్యం వల్ల వాపసులు ఆగవు, ఫొటో వల్ల ఆగుతాయి. కిటికీ పక్క వెలుతురు చాలు, ఫ్లాష్ పెడితే టంకం తెల్లగా వెలిగిపోయి గరుకంతా పైకొస్తుంది.

ఇత్తడిగంట
ప్యాకింగ్‌లో ఒక చిన్న విషయం: వెండి వస్తువును రబ్బరు బ్యాండుతో కట్టకండి. రబ్బరులోని గంధకం దారిలోనే నల్లటి గీత గీస్తుంది. పీవీసీ కవరు కూడా వద్దు. యాసిడ్ లేని టిష్యూలో చుట్టి, పాలిథిన్ జిప్ కవరులో గాలి తీసి పెట్టండి.

కొత్తచేయి
తలుపుల వెనక వైపు గాటు పెట్టి పరీక్షించాను. రెండింట్లో గులాబీ రంగు వచ్చింది, రెండింట్లో రాలేదు. రాని రెండూ ముందు ఫ్రీజర్‌లో పెడదామంటే పట్టవు.

చెక్కముక్క
ఫ్రేము కొలతలకు అంగుళం ఎక్కువ ఉంచి ముందే కోసేయండి, ముక్కలైతే పడతాయి. మేకులు వెతికాకే కోయండి. కోసేటప్పుడు వచ్చే పొడిని వెంటనే సంచిలో కట్టేయండి, మిగతా చెక్కల దగ్గర ఉంచొద్దు. గులాబీ వచ్చిన రెండింటిని ప్లాస్టిక్‌లో చుట్టి, మీద "సీసం" అని పెద్దగా రాసి, పిల్లలు చేరని చోట పెట్టండి. వాటి బందులు, గడియలు విప్పుకోవచ్చు, వాటి మీద రంగు లేకపోతేనే.